గడువు దాటినవాళ్లు, పారిపోయినవాళ్లు

వరంగల్ పోలీసు కార్యాలయంలో విదేశీయుల నమోదు సెక్షన్ అని ఒకటి ఉంది. చాలామందికి అది ఉన్నట్టే తెలియదు. నేను అందులో జూనియర్ అసిస్టెంటుగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. పోలీసును కాను. నాకు యూనిఫాం లేదు, లాఠీ లేదు. అయినా నా టేబుల్ ముందు కూర్చుని చేతులు వణకని మనుషులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఈ మధ్య ఆ సెక్షన్‌లో కొత్తగా చేరిన అమ్మాయి మా ఇంటికి వచ్చింది. చాయ్ తాగుతూ, "మేడం, వీసా అయిపోయినంక గుడ ఉన్నోళ్లు క్రిమినల్సే గద. మరి వాళ్లతోని మెత్తగ మాట్లాడుడు దేనికి?" అని అడిగింది. ఆమె కోసం, ఆమె తరువాత ఆ కుర్చీలో కూర్చోబోయేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నేను చూసిన ప్రతి కేసు తేదీ నా దగ్గర ఉంది. ఇక్కడ మాత్రం రాయను. తేదీ రాస్తే మనిషి ఎవరో తెలిసిపోతుంది. పేర్లు కూడా అందుకే మార్చాను.

టేబుల్‌కు రెండు పక్కలా

ముందు చట్టం సంగతి తేల్చుకుందాం. గడువు దాటి ఉండడం తప్పే. దానికి జైలు శిక్ష ఉంది, జరిమానా ఉంది. "పాపం, కాగితమే కదా" అనేవాళ్లు చట్టం చదవలేదు. అయితే తనంతట తాను వచ్చి చెప్పుకున్న మనిషికి ఇంకో దారి కూడా ఉంది. జరిమానా కట్టి గడువు పొడిగించుకోవచ్చు, లేదా అనుమతి తీసుకుని వెళ్లిపోవచ్చు. "అందరూ దొంగలే" అనేవాళ్లు ఈ రెండో సగం చదవలేదు. ఒక మనిషికి ఏ దారి దొరుకుతుందన్నది చాలాసార్లు మన సెక్షన్ నుంచి హైదరాబాద్‌లోని పై ఆఫీసుకు వెళ్లే నివేదికలో ఒక్క మాట మీద ఆధారపడుతుంది. అంత బరువైన మాట మన చేతిలో ఉందని తెలిసిన రోజు నుంచి నాకు ఆ పని అంటే భయం పట్టుకుంది. రిటైరయ్యేదాకా వదల్లేదు. వదలకపోవడమే మంచిదని ఇప్పటికీ నా అభిప్రాయం.

భయం అటు పక్క మాత్రమే ఉంటుందనుకోకండి. ఒక విదేశీయుడు జాడ లేకుండా పోయి, రేపు ఎక్కడో ఏదో జరిగితే, "ఆ సెక్షన్ చూసేది ఎవరు?" అని మొదటి ఫోను వస్తుంది. ఆ ఫోను భయంతోనే మా పై అధికారులు నిద్ర లేచేవాళ్లు.

నేను చేరిన కొత్తలో రామప్ప గుడి శిల్పాల బొమ్మలు గీసుకోవడానికి ముసలి దంపతులు ఇద్దరు వచ్చారు. హన్మకొండలో గది తీసుకుని రోజూ బస్సులో పాలంపేటకు వెళ్లి వచ్చేవాళ్లు. వాళ్ల వీసా ఏడాదిపాటు చెల్లుతుంది, కానీ ఒక్కసారి వస్తే తొంభై రోజులకు మించి ఉండకూడదు. ఆయన మొదటి ముక్క చూశాడు, రెండోది చూడలేదు. ఈ పొరపాటు మీరు పదేపదే చూస్తారు. అప్పటి ఇన్‌స్పెక్టరు ఆయనను పూటంతా గోడ పక్కన నిలబెట్టాడు. భార్య కుర్చీ కోసం అటూ ఇటూ చూసింది. నాతో సహా ఎవరూ లేచి కుర్చీ ఇవ్వలేదు. ఆయన మాత్రం వీసా కాగితం మీద ఏడాది అన్నచోట వేలు పెట్టి, వచ్చినవాళ్లందరికీ చూపిస్తూనే ఉన్నాడు. చివరికి జరిమానా కట్టి వెళ్లిపోయారు.

ఆ ఇన్‌స్పెక్టరు చెడ్డవాడు కాదు. ఆ ఉదయం హైదరాబాద్ నుంచి ఆయనకు అక్షింతలు పడ్డాయి. ఆఫీసులో భయం పై నుంచి కిందికి దిగుతుంది. దిగి దిగి, ఇక కింద ఎవరూ లేని మనిషి మీద ఆగుతుంది. మా సెక్షన్‌లో ఆ మనిషి ఎప్పుడూ విదేశీయుడే.

కాగితాలన్నీ సరిగ్గా ఉన్న మనిషి

ఇంకొకాయన ఉండేవాడు. ఏ దేశమో రాయను, రాస్తే ఆ దేశం వాళ్లందరినీ అదే కన్నుతో చూస్తారు. వ్యాపారం వీసా మీద వచ్చాడు. దేశంలో దిగిన పద్నాలుగు రోజుల్లో నమోదు చేయించుకోవాలంటే మూడో రోజే వచ్చాడు. ఇల్లు మారితే ముందే చెప్పేవాడు. దసరాకు మా అందరికీ జమ్మి ఆకు పెట్టి దండం పెట్టేవాడు. ఫైలు అంటే ఇట్లా ఉండాలి అని నేను కొత్తవాళ్లకు ఆయన ఫైలే చూపించేదాన్ని.

ఒకరోజు వేరే జిల్లా పోలీసులు వచ్చి ఆయనను తీసుకుపోయారు. ఒంటరి ఆడవాళ్లతో ఫోనులో స్నేహం చేసి, విదేశం నుంచి కానుకలు వచ్చాయని, విడిపించుకోవడానికి డబ్బు కట్టాలని చెప్పి ముంచే ముఠాలో ఆయన ఒకడు. మోసపోయినవాళ్లలో పరకాల దగ్గర ఒక రిటైర్డ్ టీచరమ్మ కూడా ఉంది. ఆమె మా ఆఫీసుకు వచ్చి ఆయన ఫొటో చూసింది. కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆయన వీసా ఆ రోజుకు కూడా చెల్లుబాటులోనే ఉంది. వీసా అనేది ఒక తేదీ, గుణగణాల సర్టిఫికెట్ కాదు. గడువు లోపల ఉన్నవాడు మంచివాడని ఆ కాగితం చెప్పదు, దాటినవాడు చెడ్డవాడనీ చెప్పదు. నేను ఇది నేర్చుకునేసరికి ఆ టీచరమ్మ బతుకు తెల్లారిపోయింది.

"ఇంట్ల లేరు"

ఇప్పుడు అసలు సంగతి.

అమ్నా అనే అమ్మాయి సూడాన్ నుంచి వచ్చి ఇక్కడొక ప్రైవేటు కాలేజీలో ఎంఫార్మసీ చదువుతోంది. చదువు మధ్యలో ఉండగా వాళ్ల దేశంలో యుద్ధం మొదలైంది. తల్లి, తమ్ముడు ఇల్లు వదిలి ఎటో వెళ్లారు, ఎప్పుడో ఒకసారి ఫోను కలిసేది. అదే సమయంలో ఈమె పాస్‌పోర్టు గడువు అయిపోయింది. ఢిల్లీలో వాళ్ల దౌత్య కార్యాలయాన్ని అడిగితే, కొత్త పాస్‌పోర్టులు రావడం లేదు, ఆగమన్నారు. పాస్‌పోర్టు లేకపోతే వీసా పొడిగించరు. ఆగుతూ ఉండగానే వీసా గడువూ దాటింది. కాలేజీవాళ్లు భయపడి, వీసా వచ్చేదాకా క్లాసుకు రావద్దని ఆమెకు చెప్పి, మాకు ఉత్తరం రాశారు.

ఆ రోజే ఆమె మా దగ్గరికి వచ్చి ఉంటే ఇంత కథ లేదు. రాలేదు. రాకపోగా గదిలో దూరి తలుపు వేసుకుంది.

ఆ గది హన్మకొండ బజారులో గాజుల దుకాణం నడిపే సువర్ణమ్మది. భర్త పోయాక కింద దుకాణం తాను చూసుకుంటూ, మేడ మీద గది కిరాయికి ఇచ్చేది. ఒకరోజు మా హెడ్ కానిస్టేబుల్ యాదగిరి విచారణకు వెళ్లాడు. సువర్ణమ్మ అడ్డం వచ్చి, ఆ పిల్ల ఎప్పుడో ఖాళీ చేసి పోయిందని, ఎటు పోయిందో తనకు తెలియదని చెప్పింది. యాదగిరి చల్ల తాగి, విన్నది విన్నట్టు రాసుకుని వచ్చాడు. 'గది ఖాళీ చేసి వెళ్లినది. జాడ తెలియరాలేదు.'

మన దగ్గర ఈ అలవాటు మీకు తెలిసిందే. గడపలో ఖాకీ కనిపిస్తే చాలు, లోపల మనిషి అన్నం తింటూ ఉన్నా "ఇంట్ల లేరు" అనే మాట దానంతట అది వస్తుంది. మామూలు కేసుల్లో దానివల్ల వచ్చే నష్టం ఇంకోసారి తిరగడమే. విదేశీయుల విషయంలో అట్లా కాదు. ఇంట్లో లేని విదేశీయురాలు అంటే పరారీలో ఉన్న విదేశీయురాలు. ఆ మాట పైకి వెళితే కేసు పెడతారు, విమానాశ్రయాలకు పేరు పంపుతారు, దొరికితే నిర్బంధ కేంద్రానికి పంపుతారు. యుద్ధం జరుగుతున్న దేశానికి తిప్పి పంపే ఆలోచన కూడా మొదలవుతుంది. తనంతట తాను వచ్చిన మనిషికి దొరికే దారి ఇక దొరకదు.

ఇన్‌స్పెక్టరు యాదగిరి కాగితం చూసి, పరారీ అని హైదరాబాద్‌కు ఉత్తరం తయారు చేయమన్నాడు. ఈయన ముందటి ఆయన లాగా కేకలు వేసే మనిషి కాదు. తక్కువ మాట్లాడేవాడు, ఆలస్యాన్ని సహించేవాడు కాదు. నేను ఉత్తరం తయారు చేశాను. సంతకం ఒక్కటే మిగిలింది.

మరునాడు, శనివారం, నా టేబుల్ ముందుకు ఒకామె వచ్చి కూర్చుంది. చేతుల నిండా గాజులు. తన పేరు చెప్పలేదు. వాళ్ల చుట్టాలామె ఇంట్లో ఒక పరదేశీ పిల్ల కిరాయికి ఉంటుందని, ఆమె కాగితాలు జర ఆలస్యం అయ్యాయని, ఊరికే అడిగి పోదామని వచ్చానని మొదలుపెట్టింది. మీ చుట్టాలామెది ఏ బజారు అని అడిగాను. ఆమె కాసేపు గోడ మీది క్యాలెండరు చూసి, "బజారు పేరు యాదికి వస్తలేదు మేడం," అంది.

"సువర్ణమ్మా, నీళ్లు తాగు," అన్నాను.

ఆమె చేతిలో గ్లాసు, గాజులు కలిసి మోగాయి. ఆ చప్పుడుకు పక్క టేబుల్ వాళ్లు తల ఎత్తారు. నేను గొంతు తగ్గించి ఉన్నదంతా చెప్పాను. నిన్నటిదాకా ఆ పిల్లది ఆలస్యం. నిన్న సాయంత్రం నుంచి ఆ పిల్ల పారిపోయినట్టు. గది గడప దాటకుండానే పారిపోయింది.

"నేనేం రాసిచ్చిన్నా మేడం? ఉత్తగ నోటి మాట అన్న."

"నువ్వు అన్నవు. ఆయన రాసిండు."

"మరి ఇప్పుడు నేనే వచ్చి అబద్ధం చెప్పిన అంటే, నన్నేం చేస్తరు?"

ఈ ప్రశ్నకు నేను నిజమే చెప్పాను. విదేశీయులను దాచిపెట్టినా, పోలీసుకు తప్పు చెప్పినా కేసు పెట్టవచ్చు. పెడతారో లేదో నా చేతిలో లేదు. ఆమె గ్లాసు పెట్టేసి లేచింది. "నాకు దుకాణం ఉన్నది మేడం, అమ్మలక్కలు వచ్చిపోయే దుకాణం," అని వెళ్లిపోయింది. నేను ఆపలేదు.

మీరు అడగవచ్చు, ఆ నిమిషమే యాదగిరిని పంపి ఆ పిల్లను పట్టుకు రావచ్చు కదా అని. రావచ్చు. అప్పుడు కాగితం మీద 'పరారీలో ఉండగా పట్టుబడినది' అని ఉంటుంది. అది ఇంకా పెద్ద మాట.

ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్లి, పిల్ల ఊళ్లోనే ఉందని నాకు తెలిసిందని, సోమవారం దాకా సంతకం ఆపమని అడిగాను. ఎక్కడుందని అడిగాడు. చెబితే మీరు పోలీసులను పంపించక తప్పదు కదా సార్ అన్నాను.

"ఈ రెండు దినాలల్ల నిజంగనే పోతే?"

"నేను చెప్పి ఆపించానని రాయండి సార్."

"రాస్త," అన్నాడు. నా ముందే రాశాడు కూడా.

రిటైర్మెంటుకు ఇంకా కొన్ని నెలలే ఉన్నాయి. ఆ పిల్ల రైలెక్కితే నా పెన్షన్ సంగతి ఏమవుతుందో నాకు బాగా తెలుసు. కాజీపేట మీదుగా ఢిల్లీ పోయే బండ్లు ఏ వేళకు ఉంటాయో ఆ సాయంత్రమంతా నా తలలో తిరుగుతూనే ఉన్నాయి.

మేడ మీది గది

ఆదివారం నేనే వెళ్లాను. ఇది మా పని కాదు, చేయమని ఎవరూ చెప్పలేదు, మీరు చేయాలని కూడా నేను చెప్పను. దుకాణం సగం షట్టరు వేసి ఉంది. సువర్ణమ్మ నన్ను చూసి ముందు వెనక్కి జరిగింది, తరువాత వీధిలోకి తొంగి చూసింది. నా వెనుక ఎవరూ లేరని నమ్మాక మెట్లు చూపించింది.

గది కిటికీకి పాత పేపర్లు అంటించి ఉన్నాయి. ఎండాకాలం, ఫ్యాను ఆపి ఉంది, చప్పుడు వినబడుతుందని. అమ్నా మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. ఎడమ చెంప ఉబ్బి కన్ను సగం మూసుకుపోయింది. పంటి కింద చీము పట్టి జ్వరం వచ్చింది. దవాఖానకు పోలేదా అంటే, అక్కడ పాస్‌పోర్టు అడుగుతారని సువర్ణమ్మ చెప్పింది. మందుల గురించి పుస్తకాలు చదివే పిల్ల, తనకు ఏ మందు కావాలో తెలిసి కూడా చీటీ రాయించుకోవడానికి భయపడి, లవంగాలు నములుతూ కూర్చుంది.

నేను ఎవరో సువర్ణమ్మ చెప్పగానే ఆ పిల్ల చూపు నా చేతుల మీద పడింది. సంకెళ్లు ఉన్నాయేమోనని చూసిందని నాకు తరువాత తట్టింది.

ఆమె ఇంగ్లీషులో, మధ్యలో సువర్ణమ్మ దగ్గర నేర్చిన తెలుగులో మాట్లాడింది. ముందు రావాలనే అనుకుందట. బస్టాండు దాకా వచ్చి పోలీసు బండి చూసి వెనక్కి తిరిగిందట. ఒక రోజు గడిచాక, ఒక రోజు ఎందుకు ఆలస్యమైందని అడుగుతారని భయం. వారం గడిచాక ఇంకా ఎక్కువ భయం. వాళ్ల ఊళ్లో యూనిఫాం వేసుకున్నవాళ్లు ఇంటికి వస్తే ఏం జరిగేదో చెప్పబోయి ఆపేసింది.

"నేను క్రిమినలా అమ్మా?" అని తెలుగులోనే అడిగింది.

కాదు బిడ్డా అనడం తేలిక. నేను అనలేదు. "నీ గడువు దాటింది, అది తప్పు. దాక్కున్న ప్రతి రోజుతో ఆ తప్పు పెద్దదవుతోంది. నువ్వు ఎవరినీ మోసం చేయలేదు, అది కూడా నిజం. రేపు నువ్వే వచ్చి ఈ రెండూ చెప్పాలి," అన్నాను. వస్తే ఏమీ కాదా అని అడిగింది. మాట ఇవ్వలేనన్నాను. నా చేతిలో లేని దాని మీద నేనెప్పుడూ మాట ఇవ్వలేదు. మీరూ ఇవ్వకండి. భయపడినవాళ్లు ఆ మాటను పట్టుకుని అగ్గిలోకైనా నడుస్తారు.

మెట్లు దిగుతుంటే సువర్ణమ్మ వెనకాలే వచ్చింది. "మీరు ధైర్యం చెప్పనీకి వచ్చిన్రనుకున్న. ఉన్న ధైర్యం గుడ తీస్కపోతాండ్రు," అంది. ఆమె అన్నది అబద్ధం కాదు.

సోమవారం

ఆఫీసు తెరిచినప్పటి నుంచి తలుపు వైపే చూశాను. వాళ్లు రాలేదు. యాదగిరి రెండుసార్లు వచ్చి, "ఎవలన్న వస్తాండ్రా మేడం?" అని అడిగి పోయాడు. భోజనాల వేళకు ఇన్‌స్పెక్టరు ఉత్తరం తెప్పించుకున్నాడు. టిఫిన్ డబ్బా తెరవలేకపోయాను. పక్కనున్న ఆమె, షుగర్ పడిపోతుంది తినమంది. డబ్బాను అట్లాగే డ్రాయరులో పెట్టేశాను.

ఆయన పెన్ను మూత తీసినప్పుడు నేను ఆయన గదిలోనే, టేబుల్ పక్కన నిలబడి ఉన్నాను. తలుపు దగ్గర గాజుల చప్పుడైంది.

సువర్ణమ్మ ముందు, అమ్నా వెనుక. ఇద్దరి చేతుల్లో గుడ్డ సంచులు. కూర్చోమన్నా సువర్ణమ్మ కూర్చోలేదు. ఆ పిల్ల ఖాళీ చేసి పోయిందని తాను చెప్పింది అబద్ధమని, పిల్ల ఒక్క రోజు కూడా ఎక్కడికీ పోలేదని, చెప్పమని పిల్ల అడగలేదని ఒక్క గుక్కలో చెప్పేసింది. ఇన్‌స్పెక్టరు పెన్ను పట్టుకునే, "ఎందుకు చెప్పినవమ్మా అబద్ధం?" అని అడిగాడు.

"ఏమో సార్. బూట్లు కనవడంగనే అదే వచ్చింది నోట్లకెళ్లి. మా ఆయన ఉన్నప్పుడు కరెంటు బిల్లు కొట్టెటాయన వచ్చినా లేడనే చెప్పేటోళ్లం."

యాదగిరి నవ్వు ఆపుకోవడానికి బయటికి వెళ్లాడు. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. అమ్నాను పిలిచి, పాస్‌పోర్టు, దౌత్య కార్యాలయం నుంచి వచ్చిన మెయిళ్లు, కాలేజీ కాగితాలు ఒక్కొక్కటీ చూశాడు. ఆమె ఉబ్బిన చెంప వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. అప్పుడు ఆయన చూపు సంచుల మీద పడింది.

"అవి ఏంది?"

అమ్నా తన సంచిని ఒళ్లోకి లాక్కుంది. సువర్ణమ్మే చెప్పింది. పిల్ల సంచిలో రెండు జతల బట్టలు, సబ్బు, దుప్పటి. తన సంచిలో చీర, బీపీ గోలీలు, నాలుగు సకినాలు. దుకాణం తాళంచెవి పక్కింటామెకు ఇచ్చి వచ్చిందట.

"తోల్కపోతరని తెలుసు సార్. దానికి నేనేం అంటలేను," అంది. "గని ఈ పిల్లకు మన మాట సక్కగ రాదు. జర ఇద్దరినీ ఒక్క గదిల ఉంచుండ్రి."

ఇన్‌స్పెక్టరు పెన్ను మూత పెట్టాడు. ఆ ఉత్తరాన్ని నా వైపు తోసి, 'స్వయంగా హాజరైనది' అని మార్చి తెమ్మన్నాడు. తరువాత లేచి వెళ్లి కిటికీ దగ్గర మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. నేను మార్చిన ఉత్తరం తెచ్చేదాకా అట్లాగే ఉన్నాడు.

జరిమానా పడింది. పాస్‌పోర్టు ఆలస్యం తమదేనని దౌత్య కార్యాలయం తరువాత ఇచ్చిన లేఖను ఒప్పుకుని హైదరాబాద్ వాళ్లు చదువు అయ్యేదాకా గడువు ఇచ్చారు. అది తేలడానికి వారాలు పట్టింది. ఆ వారాలూ మేం పిలిచిన ప్రతిసారీ ఆమె వచ్చింది. సువర్ణమ్మ మీద కేసు లేదు.

ఆ సోమవారం మాత్రం, ఇక పోవచ్చని నేను చెప్పినా వాళ్లిద్దరూ కదల్లేదు. నేను చెప్పింది నమ్మినట్టు లేరు. సాయంత్రం స్వీపరు వచ్చి ఊడుస్తూ కాళ్లు ఎత్తమంది. సంచులను ఎక్కడ పెట్టాలో తెలియక ఇద్దరూ వాటిని ఒళ్లో పెట్టుకుని కాళ్లు ఎత్తారు.